పని తీసేస్తే పండగేం మిగులుతుంది?

"ఫోన్ చేస్తే వాళ్ళే వచ్చి కడతారు, వాళ్ళే విప్పుకుపోతారు. ఇంకా ఈ కాగితాలు కత్తిరించడాలూ జిగురు పూసుకోవడాలూ ఎవరిక్కావాలండీ?" పిల్లల పుట్టినరోజు ప్రస్తావన రాగానే హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలోనే కాదు, కాస్త పెద్ద ఊరు ఏదైనా ఇప్పుడు వినిపించే మాట ఇదే. అనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. పొద్దున ఎనిమిదింటికి బయల్దేరి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరే మనుషులు. వాళ్ళ లెక్క ప్రకారం అలంకరణ అనేది వేడుకకి ముందు ఎవరో ఒకరు తెమల్చాల్సిన చాకిరీ. అసలు వేడుక సాయంత్రం కేకు కోసేటప్పుడు మొదలవుతుంది. కాబట్టి చాకిరీని డబ్బిచ్చి వదిలించుకుంటే వేడుక మొత్తం మనకి మిగులుతుంది.

లెక్క ముచ్చటగానే ఉంది. తప్పు మొదటి పంక్తిలో దొర్లింది. పిల్లల దృష్టిలో వేడుకంటే ఆ కట్టడమూ అంటించడమూ ఇల్లంతా చిందరవందర చేయడమూనే. కేకు కోసే వేళకి అది దాదాపు అయిపోవచ్చినట్టే. చాకిరీ అనుకుని మనం బయటివాళ్ళకి అప్పగించేది వేడుకలో పిల్లలకి దక్కాల్సిన పెద్ద వాటా.

అప్పగించిన చోట ఏం జరుగుతుందో చూడండి. మధ్యాహ్నం మూడింటికి ట్రాలీ ఆటో ఒకటి గేటు దగ్గర ఆగుతుంది. గుండ్రటి ఇనుప చట్రాలు దిగుతాయి. వాటికి సాగే గుడ్డ తొడుగుతారు. దాని మీద ఏదో కార్టూన్ బొమ్మ. ఇద్దరు కుర్రాళ్ళు కరెంటు పంపు పెట్టుకుని బెలూన్లు రెండేసి ఊది ముడేస్తుంటారు, రెండు జతల్ని మెలేసి నాలుగేసి గుత్తి కడతారు, గుత్తుల్ని ఆర్చి పొడవునా ఎక్కిస్తూ పోతారు. వాళ్ళ చేతివాటం చూడముచ్చటగా ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. పుట్టినరోజు పాప కూడా ఆ ముచ్చట చూద్దామనే దగ్గరికొస్తుంది. "అటెళ్ళి ఆడుకో తల్లీ, ముట్టుకోకు, పగిలిపోతాయి" అంటారు. తన పండగ రోజున ఆ పిల్లకి దక్కిన మొదటి పలకరింపు అదీ. సాయంత్రం ఫొటోగ్రాఫరు చెప్పిన చోట నిలబడాలి, చెప్పినప్పుడల్లా ప్లాస్టిక్ కత్తి పట్టుకుని నవ్వాలి. మైకు పట్టుకున్న యాంకరు ఆడమన్న ఆటే ఆడాలి. తొమ్మిదిన్నరకి కుర్రాళ్ళు మళ్ళీ వస్తారు, గుండుసూదితో బెలూన్లు టపటపా పేల్చేసి, చట్రం విప్పి, గుడ్డ మడత పెట్టుకుని వెళ్తారు. అదే గుడ్డ రేపు ఇంకో ఇంట్లో ఇంకో పాప వెనకాల ఉంటుంది. మారేదల్లా పేరూ, అంకె ఉన్న రేకు బెలూనూ.

ఇంత ఏర్పాటులో ఆ పిల్ల చేసిన పని ఒక్కటీ లేదు. కొవ్వొత్తి ఆర్పడం తప్ప.

మన పండగలు ఈ పొరపాటు చేయలేదు. బొమ్మల కొలువు తీసుకోండి. అందులో పేరంటం ఒక సాయంత్రం. పిల్లలకి అసలు పండగ అంతకు ముందే మొదలవుతుంది. అటక మీంచి పెట్టె దించడం, పాతగుడ్డల చుట్టలు విప్పుతూ ఏ చుట్టలో ఏ బొమ్మ ఉందో పందెం కాయడం, ట్రంకు పెట్టెలూ బల్లలూ పీటలూ పేర్చి, బేసి మెట్లు వచ్చాయో లేదో లెక్క చూసి, మీద దుప్పటి పరచడం. కింద ఇసక పోసి పార్కు కట్టడం మాత్రం పూర్తిగా పిల్లల ఇలాకా. కొన్నాళ్ళ ముందే పళ్ళెంలో మట్టి పోసి ఆవాలో మెంతులో చల్లి మొలిపిస్తే కొలువు నాటికి పచ్చిక సిద్ధం. పాత అద్దం పడుకోబెడితే చెరువు. చెరువు గట్టున కొండపల్లి ఏనుగు ఉండాలా, ప్లాస్టిక్ పోలీసు జీపు ఉండాలా అన్నది అన్నాచెల్లెళ్ళ మధ్య తగువు. పెద్దవాళ్ళు ఆ తగువులో జోక్యం చేసుకోరు. ఏనుగు పక్కనే జీపు నిలబడి ఉంటే వచ్చిన పేరంటాళ్ళు ఎవరూ "థీమ్ కుదర్లేదు" అనరు.

బతుకమ్మ దగ్గరా అంతే. గునుగు కోసుకొచ్చి, కట్టలు కట్టి, కొసలు రంగునీళ్ళలో ముంచి ఆరబెట్టాలి. తంగేడు ఏరాలి. తాంబాళంలో పూల తలలు బయటికీ కాడలు లోపలికీ ఉండేలా చుట్టూ పేర్చుకుంటూ, నడుమ ఖాళీని ఆకుతోనూ తరిగిన కాడలతోనూ కూరుకుంటూ పైకి పోవాలి. బయటికి కనబడని ఆ కూరే పని సరిగ్గా జరక్కపోతే ఎంత అందమైన బతుకమ్మైనా ఒక పక్కకి ఒరుగుతుంది. చిన్నచేతులకి అప్పగించేది తరచూ ఆ పనే. ఇంటిల్లిపాదిలో వయసుకి తగ్గ పని లేని మనిషి ఉండరు. వినాయక చవితికి పాలవెల్లికి మొక్కజొన్న పొత్తులూ వెలక్కాయలూ కట్టేటప్పుడైనా, భోగిపళ్ళకి రేగిపళ్ళూ చిల్లరా పూలరేకులూ కలిపేటప్పుడైనా అంతే. ఇప్పుడు నగరాల్లో పేర్చిన బతుకమ్మలు అమ్ముతున్నారు. కొనుక్కెళ్ళి ఆడేవాళ్ళని తప్పుపట్టను, పూలు దొరకని చోట మరేం చేస్తారు? అయితే ఆ ఇంటి పిల్లకి ఉద్యోగం పోయిందన్న సంగతి మాత్రం గమనించాలి.

ఇదంతా పాతకాలం మీద బెంగ అనుకునేవాళ్ళుంటారు. కేకూ కొవ్వొత్తీ మనవి కావు, రంగు కాగితాల జెండాలూ వేదకాలం నాటివి కావు. వాటితో నాకేం పేచీ లేదు. ఛోటా భీమ్ బొమ్మ పెట్టుకున్నా పేచీ లేదు, ఆ భీముడు హైదరాబాదులోనే పుట్టినవాడు. ఏ బొమ్మ పెట్టారని కాదు నా ప్రశ్న, దాన్ని ఎవరు గీశారని.

చిత్రం ఏమిటంటే, ఈ విషయం తల్లిదండ్రులకి తెలియనిది కాదు. బడిలో చేర్చేటప్పుడు "యాక్టివిటీ" ఉందా అని అడిగి మరీ చేరుస్తారు. జర్మనీలో ఫ్రెడ్రిక్ ఫ్రోబెల్ 1837లో మొదలుపెట్టిన బాలల బడికే తర్వాత కిండర్‌గార్టెన్ అనే పేరొచ్చింది. కాగితం మడవడం, కత్తిరించడం, అల్లడం, మట్టి పిసకడం అక్కడ పాఠాలే. సరిగ్గా నూరేళ్ళకి, 1937 అక్టోబరులో వార్ధా సమావేశంలో, గాంధీ చేతిపని చుట్టూ చదువు అల్లాలన్నారు. కాన్పూర్ ఐఐటీలో చదివిన అరవింద్ గుప్తా అగ్గిపుల్లలతోనూ సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతోనూ పిల్లలకి జ్యామితి చూపించారు, పారేసిన చెత్తతో బొమ్మలు చేయించారు. 2018లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. వీళ్ళందరినీ మనం గౌరవిస్తాం. బడిలో మనవాడు కాగితం కత్తిరిస్తే ఫీజు కడతాం. వాడే ఇంట్లో కత్తెర పట్టుకుంటే "సోఫా మీద చెత్త చేయకు" అంటాం.

ఇక ఎదుటివాళ్ళు తీసే మొదటి అస్త్రం అందం. "ఇంట్లో చేస్తే చూడ్డానికి బాగోదండీ." నిజమే, చాలాసార్లు బాగోదు. ఈ సంగతి మీద ఒక పరిశోధన కూడా ఉంది. నార్టన్, మోచన్, ఏరియలీ అనే ముగ్గురు 2012లో అచ్చువేసిన వ్యాసం. తాము చేసినదాన్ని మనుషులు ఎక్కువగా మెచ్చుకునే ధోరణికి ఫర్నిచర్ కంపెనీ ఐకియా పేరు మీదే పేరు పెట్టారు. మనుషుల చేత కాగితపు బొమ్మలు మడిపించి, ఎంతకి కొంటారని అడిగారు. మడిచినవాళ్ళు తమ వంకరటింకర బొమ్మలకి దాదాపు నిపుణుల బొమ్మలంత వెల కట్టారు. పక్కవాళ్ళకి అవి ఆ వెలకి ఆనలేదు. చూశారా, చేసినవాడికి తప్ప ఇంకెవరికీ బాగుండదని శాస్త్రమే చెప్పింది అంటారు ఎదుటివాళ్ళు. సరే, చెప్పింది. పుట్టినరోజు ఎవరిదండీ? చేసినవాడిదా, పక్కింటివాళ్ళదా? వంకర నక్షత్రం తాను కత్తిరించింది కాబట్టి పాప కంటికి అది అందరి నక్షత్రాలకన్నా గొప్పగా కనబడుతుంటే, ఆ రోజుకి అంతకు మించిన అలంకరణ ఏ దుకాణంలో దొరుకుతుంది? అదే వ్యాసంలో ఇంకో మాట ఉంది, దాన్ని మాత్రం ఇంట్లో చేసుకునేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. పని మధ్యలో ఆగిపోయినా, చేసింది విప్పేయాల్సి వచ్చినా ఆ మమకారం ఉండడం లేదు. అంచేత పిల్లలతో పెట్టుకునే పని వాళ్ళు పూర్తి చేయగలిగినంత చిన్నదిగా ఉండాలి. గోడంతా నిండే నెమలి మొదలుపెట్టి తోక దగ్గర వదిలేసేకంటే నాలుగు జెండాలు నయం.

ఇక్కడ నా పక్షం వాళ్ళతోనే నాకు తగాదా. 2010లో పింటరెస్ట్ వచ్చి, ఆ తర్వాత రీళ్ళు వచ్చి, చేతిపని కూడా ఒక పోటీ అయి కూర్చుంది. రాత్రి పన్నెండు దాటాక అమ్మ ఒక్కతీ గ్లూగన్ పట్టుకుని అట్టకోట కడుతుంటుంది. వేలు కాలుతుంది. కోట బురుజు కుదరక మూడోసారి విప్పుతుంది. పక్కగదిలో పిల్ల నిద్రపోతోంది. మర్నాడు అందరూ "అబ్బ, ఇంట్లోనే చేశారా!" అంటారు. చేసింది ఇంట్లోనే, కానీ పిల్లకి అది ఆర్డరిచ్చి తెప్పించినదానికన్నా ఏమాత్రం దగ్గర కాదు. ముట్టుకోకు అనే మాట ఇక్కడా వినబడుతుంది, ఇంకాస్త గట్టిగా. ఎందుకంటే విరిగితే మళ్ళీ చేసే ఓపిక అమ్మకి లేదు. ముందే కత్తిరించి, నంబర్లేసి, డబ్బాలో అమ్మే కిట్లు ఇంకో తమాషా. ఆలోచన వాళ్ళది, కొలత వాళ్ళది. మనకి మిగిలింది స్టిక్కరు ఊడదీయడం.

దీంతో అసలైన అభ్యంతరం దగ్గరికి వచ్చాం. ఆడవాళ్ళు అనే మాట ఇది: "మీరు చేతిపని గొప్పదంటారు. చేసేదెవరు? మేమేగా. ఆఫీసు నుంచి వచ్చి, వంట చేసి, మళ్ళీ జెండాలు కూడానా?" దీనికి తడుముకోకుండా జవాబిచ్చేవాణ్ణి నేను నమ్మను. ఇంటి అందం, ఇంటి రుచి అని మురిసిపోయే వ్యాసాలన్నిటి అడుగునా ఒక ఆడమనిషి నిద్ర ఉంటుంది. జీతం లేని ఆ పనికి ప్రేమ అని పేరు పెట్టి తప్పుకోవడం మగవాళ్ళకి బాగా అలవాటు. అందుకని డబ్బిచ్చి బయట చేయించుకునే తల్లిని నేను ఒక్క మాట కూడా అనను. అయితే ఆమెకి నిజంగా కావాల్సింది తన చేతిలో పని కొంత ఇంకొకరి చేతిలోకి మారడం. ఆ ఇంకొకరు ట్రాలీ ఆటోలో వచ్చే కుర్రాడే కానక్కర్లేదు. సోఫాలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్న తండ్రికి మైదా జిగురు కాచడం రాదా? రెండు చెంచాల పిండి చన్నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి, మరుగుతున్న నీళ్ళలో ధారగా పోస్తూ తిప్పితే క్షణాల్లో చిక్కబడి నిగనిగలాడుతుంది. బైండింగు చేసేవాళ్ళు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం, వేళ్ళు నాకే పిల్లలున్న చోట దాని జోలికి పోవద్దు. ఆ రోజుకారోజు కాచుకుంటే చాలు. రంగు కాగితాన్ని మడిచి త్రికోణాలు కత్తిరించడం తాతగారు చేయగలరు. పై అంచుకి జిగురు రాసి పురికొస మీదుగా మడిచి నొక్కడం నాలుగేళ్ళ పిల్ల చేయగలదు. శ్రీరామనవమి పందిళ్ళకి ఊళ్ళలో కట్టిన జెండాలు ఇలాగే కట్టారు. ఇందులో అమ్మకి పని లేదు. వచ్చి కూర్చుని, "ఆ ఎరుపు పక్కన పసుపు పెట్టండి" అంటే అనొచ్చు.

డబ్బు సంగతి త్వరగా తేల్చేద్దాం. ఇంట్లో చేస్తే చవక అనే వాదన నాకు నచ్చదు, ఎప్పుడూ నిజమూ కాదు. బేగంబజారుకి వెళ్ళి "ఇది కూడా పనికొస్తుందేమో" అని సంచులు నింపుకుని వచ్చినవాళ్ళకి ఆ సంగతి తెలుసు. పర్యావరణం వాదన కాస్త గట్టిదే. 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ జాబితాలో బెలూన్లకి పెట్టే ప్లాస్టిక్ పుల్లలూ, ప్లాస్టిక్ జెండాలూ, అలంకరణకి వాడే థర్మాకోల్ కూడా ఉన్నాయి. పాప పేరు థర్మాకోల్ అక్షరాల్లో ఇప్పటికీ వేదికల మీద మెరుస్తూనే ఉంది. కానీ ఇంట్లో చల్లే మెరుపుపొడీ గ్లూగన్ కడ్డీలూ కూడా ప్లాస్టిక్కే కాబట్టి, ఆ గుర్రం మీద మరీ దూరం వెళ్ళను.

ఇంటి అలంకరణకి వద్దాం, ఎందుకంటే అక్కడే చేతిపనిని వదిలించుకునే ఈ జబ్బు వేరు బయటపడుతుంది. ఐకియా తన మొదటి భారతీయ దుకాణాన్ని 2018 ఆగస్టులో హైదరాబాదులో తెరిచింది. సామాను విడిభాగాలుగా కొని తెచ్చుకుని ఎవరికి వారు బిగించుకోవడం మీద నడిచే వ్యాపారం అది. ఇక్కడ మాత్రం ఇంటికొచ్చి బిగించిపెట్టే మనుషుల్ని కూడా ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది. మనకి స్క్రూ తిప్పడం రాక కాదు. తిప్పేవాడు చవగ్గా దొరుకుతుండగా మనం తిప్పడం నామోషీ. గోడకి మేకు కొట్టాలన్నా మనిషిని పిలుస్తాం. "మనకెందుకండీ ఆ పని" అనే మాటలో "మనం" ఎవరో, "ఆ పని" ఎవరిదో ఈ దేశంలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. చేత్తో చేసే పనికి కులం అంటగట్టి, తక్కువ చేసి, చేయించుకునేవాణ్ణి పెద్దమనిషిని చేసిన సమాజం ఇది. కుమ్మరి, చాకలి, మంగలి, రైతు చేతుల్లో ఉన్న విజ్ఞానం గురించి, శ్రమ గౌరవం గురించి కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసమే 'టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్' అని ఇంగ్లిషులో పుస్తకం రాయవలసి వచ్చింది. ఆ పుస్తకం కొనిచ్చే ఇంట్లోనే, పాప పుట్టినరోజున పనంతా ఎవరో అన్నలు చేస్తుంటే తాను కొత్తగౌను నలక్కుండా నిలబడి చూస్తుంది. ఆ చూడడంలో ఆమె నేర్చుకునే పాఠం పుస్తకంలో పాఠానికి నేరుగా ఎదురు.

"అయితే పెయింటర్లూ డెకరేషన్ కుర్రాళ్ళూ ఏం తినాలి?" అని అడుగుతారు, ఉన్నట్టుండి వాళ్ళ మీద ప్రేమ పుట్టుకొచ్చినవాళ్ళు. ఇల్లంతా రంగు మీరే వేసుకోమని ఎవరన్నారు? పిల్లల గదిలో ఒక్క గోడ చాలు. దుమ్ము దులిపి, నెర్రెలకి పుట్టీ పట్టించి, ఆరాక సాండ్ పేపరుతో రుద్ది, స్విచ్ బోర్డు చుట్టూ టేపు అంటించి, ప్రైమరు, దాని మీద రెండు పూతలు. మొదటి పూత ఎండాక చూస్తే మచ్చలు మచ్చలుగా ఉంటుంది, ఏడుపొస్తుంది. రెండో పూతకి గోడ ఒక రంగుకి వస్తుంది. రోలరు ఒత్తిడి మారిన చోట చార తేలుతుంది, అది అలాగే ఉండిపోతుంది. భుజం రెండు రోజులు నొప్పెడుతుంది. ఆ నొప్పి తెలిసినవాడు మిగతా ఇంటికి పెయింటర్ని పిలిచినప్పుడు కూలి దగ్గర గీచిగీచి బేరమాడడు, చార లేకుండా వేసిన గోడని ఆగి చూస్తాడు. చేతిపనివాడికి గిరాకీ తగ్గేది, అతని పనిలో కష్టం ఎంతో ఎవరికీ తెలియని చోటే. తెలంగాణ పల్లెల్లో సున్నం గోడకి కింద జాజు పట్టీ తీర్చిన ఆడవాళ్ళకి ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు.

చేసుకోకూడని పనులున్నాయి. కరెంటు వైర్ల జోలికి వద్దు. పాత ఇళ్ళలో ఎండి పెచ్చులూడుతున్న రంగుని పిల్లల్ని దగ్గర పెట్టుకుని గీకొద్దు. ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం పదిలక్షల భాగాలకి 90కి మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అంతకు ముందు వేసినదానిలో ఏముందో గోడ చెప్పదు. బెలూన్లలో హైడ్రోజన్ నింపి కొవ్వొత్తి పక్కన కట్టడం ఇంట్లోవాళ్ళు చేసినా బయటివాళ్ళు చేసినా ప్రమాదమే.

మిగిలింది ఒక్క అభ్యంతరం, ఇది పిల్లల నోటి నుంచే వస్తుంది కాబట్టి పెద్దలు ఇక్కడ చేతులెత్తేస్తారు. "మా పాపే అడుగుతోందండీ, ఫ్రెండుకి చేసినట్టు పెద్ద ఆర్చి కావాలని." అడుగుతుంది మరి. చూసిందే అడుగుతుంది, చూడనిది ఎలా అడుగుతుంది? వద్దని ఉపన్యాసం ఇస్తే పుట్టినరోజు పాడవుతుంది. దానికన్నా స్నేహితుల్ని ఏడింటికి బదులు నాలుగింటికి పిలవండి. గది ఖాళీగా ఉంచండి, ఒక్క తోరణం కూడా కట్టకండి. నేల మీద పాత పేపర్లు పరిచి, రంగు కాగితాలూ మొండి కత్తెరలూ గిన్నెలో మైదా జిగురూ మధ్యలో పెట్టి, ఈ గదిని కేకు కోసే లోపల మీరే తయారు చేయాలని చెప్పి పక్కకి తప్పుకోండి. మొదటి పదినిమిషాలు ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. తర్వాత ఎవడో ఒకడు కత్తెర కోసం పక్కవాడితో కొట్లాడతాడు, అక్కణ్ణించి మీ అవసరం ఉండదు. యాంకరు అక్కర్లేదు, మైకు అక్కర్లేదు. పాపకి ఆర్చి గుర్తొస్తే వాళ్ళే ఒకటి కడతారు, అది ఎలా ఉంటుందో నేను హామీ ఇవ్వలేను. చీకటి పడేవేళ తీసుకెళ్ళడానికి వచ్చిన తల్లిదండ్రులు కొత్త చొక్కా మీద జిగురు చూసి మొహం చిట్లిస్తారు. వాళ్ళని కూడా కాసేపు కూర్చోబెట్టండి, ఇంకా కట్టాల్సిన జెండాలు ఎలాగూ మిగిలే ఉంటాయి.